ఒనోరే నేలమాళిగలో ఎలుకలు

ఒనోరే లబాదీ ఈ భూప్రపంచంలో ఏదీ తయారైందని ఒప్పుకున్న పాపాన పోలేదు. వైన్ కానివ్వండి, వంట కానివ్వండి, మనిషే కానివ్వండి, ముందు తెచ్చి పెట్టగానే కళ్ళు సగం మూసి, కింది పెదవి ముందుకు చాపి, "ఇంకా వేళ కాలేదు" అంటాడు. మోంతిరాక్ ఊళ్ళో పసిపిల్లలు అమ్మ, నాన్న తర్వాత నేర్చుకునే మూడో మాట ఇదేనని చెప్పుకునేవాళ్ళు. చర్చి గంట ఎప్పుడైనా ఆలస్యంగా మోగితే, ఒనోరేని అడిగి కొట్టి ఉంటారని నవ్వుకునేవాళ్ళు.

జెర్మేన్‌ని పెళ్ళి చేసుకోవడానికి ఆయనకు తొమ్మిదేళ్ళు పట్టింది. ఇష్టం లేక కాదు. ఏటా వసంతం రాగానే ఆమె చెయ్యి పట్టుకుని, మన ప్రేమ ఇంకాస్త ఆగితే ఇంకా బాగుంటుంది అనేవాడట. చివరికి ఆమే వెళ్ళి ఫాదర్‌గారితో తేదీ ఖాయం చేసుకుని, "శనివారం పదకొండింటికి నా పెళ్ళి. నువ్వు వస్తే నీతో" అని కబురు పెట్టింది. ఆయన వచ్చాడు, పదకొండున్నరకి.

ఇంట్లో కూర దింపాలా వద్దా అని ఆయన్ని అడిగితే ఆ పూట అందరూ పస్తే. అందుకని జెర్మేన్ ఆయన చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళేదాకా కాచుకుని ఉండి, తిరిగొచ్చేలోపు వడ్డన ముగించేసేది. ఆయన కంచం వంక చూసి, చుట్టూ చూసి, అందరూ తింటున్నారు కాబట్టి తనూ తినేవాడు. తిన్నంతసేపూ అదే కూర ఇంకో గంట ఆగి ఉంటే ఎలా ఉండేదో వర్ణించేవాడు. మోకాలికి ఆపరేషన్ చెయ్యాలని లిబుర్న్ డాక్టరు చెప్తే, మోకాలికి ఇంకా వేళ కాలేదని తేల్చేసి కుంటుకుంటూ ఇంటికొచ్చాడు. ఆ డాక్టరు రిటైరైపోయాడు. మోకాలు మాత్రం రోజూ తిట్లు తింటూ ఇంకా పనిచేస్తూనే ఉంది.

ఆయన దగ్గర వైన్ కొనడానికి వచ్చినవాళ్ళ పాట్లు చెప్పనలవి కాదు. ఒకసారి పారిస్ నుంచి ఒక కొత్తజంట వచ్చి అర డజను సీసాలు కొని కారు డిక్కీలో సర్దుకున్నారు. ఒనోరే కారు కిటికీ దగ్గర వంగి, ఎప్పుడు తాగుతారని అడిగాడు. ఇవాళ సాయంత్రమే, బాతు మాంసం కూడా తెచ్చుకున్నాం అంది ఆ అమ్మాయి సంబరంగా. ఒనోరే డిక్కీ తెరిచి, సీసాలన్నీ దించుకుని, వాళ్ళ డబ్బు వాళ్ళ చేతిలో పెట్టేశాడు.

"పాలు తాగే పిల్లని పనిలోకి పంపమంటారా?" అన్నాడు.

బాతుతో తాగడానికి మామూలు వైన్ ఒక కూజాడు ఊరికే పోసిచ్చి సాగనంపాడు. మరుసటేడు ఆ ఇద్దరూ మళ్ళీ వచ్చి, పన్నెండేళ్ళు ముట్టుకోబోమని ప్రమాణం చేశారు. అప్పుడు కూడా ఆయన వాళ్ళ వయసెంతో కనుక్కుని, తాతముత్తాతలు ఎన్నేళ్ళు బతికారో విచారించి, తృప్తి కలిగాకే సీసాలిచ్చాడు.

మనుషులకు కూడా ఆయన గడువులు కట్టేవాడు. కొత్త మేయరుని ఇంకో నాలుగేళ్ళు చీకట్లో పడుకోబెట్టాలనేవాడు. ఫాదర్‌గారిలో వగరు ఎక్కువ, కానీ నిలవుంటే మంచివాడవుతాడనేవాడు. పొరుగు తోట రేమోన్ కాస్తాన్యే కొడుకు గిలెమ్ పదిహేడో ఏట చదువుకి బోర్డో వెళ్ళిపోయి, పళ్ళ డాక్టరై అక్కడే స్థిరపడితే, "మంచి సరుకే. బిరడా తొందరగా తీసేశారు" అని బాధపడ్డాడు. రేమోన్ కూతురు సెవెరీన్ చిన్నప్పుడు ఒకసారి, "మరి నేనో బాబాయ్?" అని అడిగింది. ఒనోరే ఆ పిల్లని వెలుతురు వైపు తిప్పి, గడ్డం పట్టుకుని పరకాయించి చూశాడు.

"నువ్వు కాబెర్నేవి. చాలా టైం పడుతుంది" అన్నాడు.

ఆ మాటకి సెవెరీన్ వారం రోజులు ఏడ్చింది. ఆ ఊళ్ళో అది తిట్టు కాదని తెలిసే వయసు ఆమెకి అప్పటికి రాలేదు.

మోంతిరాక్ ఎర్ర వైన్‌లో ముఖ్యంగా రెండు ద్రాక్షలు కలుస్తాయి. మెర్లో, కాబెర్నే. ఎవరి తోటలో ఎంత పండితే అంత, ఎవరి నాలుకకి ఎలా తోస్తే అలా కలుపుకుంటారు. ఈ కలపడం గురించి ఒనోరేని కదిలిస్తే మధ్యాహ్నం భోజనం సంగతి మర్చిపోవాల్సిందే. ఆయన లెక్కలో మెర్లో గడపలోకి వచ్చిన చుట్టాన్ని ముందుగా పలకరించే ఇల్లాలు. కాబెర్నే లోపలి గదిలో కూర్చుని, ఎవరొచ్చారో తెలిసినా లేచి రాని పెద్దాయన. మొదటి నాలుగేళ్ళూ ఇల్లాలి మాటలే వినిపిస్తాయి. పదేళ్ళు గడిచాక పెద్దాయన నెమ్మదిగా బయటికొచ్చి కూర్చుంటాడు. అప్పుడు మొదలవుతుంది అసలు మాట. ఈలోగా తలుపు బాదినవాడు పెద్దాయన చేత తిట్లు తిని పోతాడు. ఆ ఊళ్ళో వేళ కాకుండా మంచి సీసా తెరిచినవాణ్ణి పసిబిడ్డ గొంతు పిసికినవాడిలా చూస్తారు. అలాంటి ఇంటికి పిల్లనివ్వడానికి కూడా వెనకాడతారు.

సెవెరీన్‌కి ముప్పై నిండని వయసులో, ఒక చలికాలంలో, రేమోన్ కాలం చేశాడు. తోట అన్నాచెల్లెళ్ళిద్దరికీ సగం సగం వచ్చింది. ఏం చెయ్యాలో తేలకముందే ఏప్రిల్‌లో మంచు కురిసింది. ముందుగా చిగురేసే మెర్లో మాడిపోయింది. ఆలస్యంగా నిద్రలేచే కాబెర్నే మాత్రం బతికింది. దాంతో రేమోన్ ఎప్పుడూ చేసే కలయిక తలకిందులైంది. మూడొంతులు పెద్దాయన, ఒక వంతు ఇల్లాలు.

అంతటితో అయిపోయినా బాగుండేది. రసం పులిసిన తర్వాత తొక్కలతో కలిపి కొన్నాళ్ళు తొట్టిలోనే ఉంచుతారు. రంగు, వగరు ఆ తొక్కల్లోంచే దిగుతాయి. ఎన్నాళ్ళు ఉంచాలన్నది చేసేవాళ్ళ నేర్పు. నాన్న లేడు, అడగడానికి ఇంకెవరున్నారు? సెవెరీన్ ఒనోరేని పిలుచుకొచ్చి, గ్లాసులో పోసిచ్చి, "బాబాయ్, తొక్కలు తీసెయ్యనా?" అంది. ఆయన కళ్ళు సగం మూశాడు, పెదవి చాపాడు.

"ఇంకా వేళ కాలేదు" అన్నాడు.

వారం తర్వాత అడిగింది. ఇంకా కాలేదు. మరో వారానికీ అదే మాట. సెవెరీన్ వేదవాక్కులా పాటించింది. ఊళ్ళో వైన్ చేసేవాళ్ళందరికీ తెలిసిన సంగతి ఒకటుంది. ఒనోరే మొదటిసారి "ఇంకా కాలేదు" అన్నాడంటే ఆ రోజే తీసెయ్యాలని అర్థం. రేమోన్ ముప్పై ఏళ్ళు అలాగే చేశాడు, ఆయన అటు తిరగ్గానే తొట్టి ఖాళీ చేసేవాడు. కూతురికి ఆ ముక్క చెప్పడమే మర్చిపోయాడు.

ఈస్టరు వెళ్ళాక పంచాయతీ హాల్లో ఊరివాళ్ళంతా కొత్త వైన్లు బల్ల మీద పెట్టుకుని ఒకరివి ఒకరు రుచి చూస్తారు. సెవెరీన్ వైన్ నోట్లో పోసుకున్నవాడల్లా ఒక్క క్షణం మాట పడిపోయినట్టు నిలబడ్డాడు. చిగుళ్ళు పట్టేశాయి, నాలుక అంగిలికి అంటుకున్నట్టయింది. పచ్చి వక్క నమిలినా అంత వగరుండదు. అందరూ ఒక్కసారిగా రొట్టె కోసం చెయ్యి చాపారు. గిలెమ్ కూడా వచ్చి ఉన్నాడు. గుక్క మింగి, జేబురుమాలుతో పెదవులు తుడుచుకుని, ఈ వైన్ అమ్మితే నాకు బోలెడంత మంది పేషెంట్లు వస్తారు, పంటి మీద పొర కూడా మిగలదు అన్నాడు.

అక్కడితో ఆగక, అందరి ముందే తోట అమ్మేద్దామన్నాడు. సెవెరీన్ అమ్మనంది. నీకు చేతకాదని ఈ గ్లాసే చెప్తోందిగా అన్నాడు అతను. ఆమెకు ముఖం ఎర్రబడింది గానీ తల దించలేదు.

"ఇది నిలవకి చేసిన వైన్. ఇప్పుడు చూసి చెప్పడానికి నువ్వెవరు?" అంది.

ధైర్యంగా అంది గానీ లోపల ఆమెకే నమ్మకం లేదు. గిలెమ్ కాసేపు ఆలోచించి, సరే, పందెం అన్నాడు. ఈ వైన్ తెరిచిన రోజున బాగుంటే తోట అమ్మే మాట జన్మలో ఎత్తను. బాగాలేకపోతే నోరు మూసుకుని సంతకం పెట్టాలి. ఎప్పుడు తెరవాలో మూడో మనిషి చెప్పాలి. ఊళ్ళో ఎవరి వైన్‌నీ ఇంతవరకు మెచ్చుకోని మనిషైతే పక్షపాతం ఉండదు.

"ఒనోరే బాబాయ్ చెప్పాలి" అన్నాడు.

హాల్లో ఎవరికో గుక్క పొలమారింది. పదిహేడో ఏట ఊరు విడిచినవాడికి ఆ ఊరి సంగతులు ఎంత గుర్తుంటాయి? ఏదీ తయారైందని ఒప్పుకోని మనిషి చేతిలో గడువు పెట్టాడు. ఊరంతా చూస్తుండగా మాటిచ్చాడు. ఒనోరే గంభీరంగా తలూపి, ఆ భారం మోస్తానన్నాడు.

సీసాల్లోకి ఎక్కాక ఆ ఏటి వైన్‌నంతా సెవెరీన్ నేలమాళిగలో ఇనుప కటకటాల వెనక పెట్టి తాళం వేశారు. చెల్లెలు మధ్యలో తెరిచి చూసి ఏదైనా తిరకాసు చేస్తుందేమోనని, తాళంచెవి ఒనోరే దగ్గరే ఉండాలని గిలెమ్ పట్టుబట్టాడు. ఊరి ఆనవాయితీ ప్రకారం పొరుగింటి పెద్దకి ఇచ్చే పన్నెండు సీసాల పెట్టె మాత్రం ఒనోరే ఇంటికి వెళ్ళింది. తను చేసిన మొదటి వైన్ ఎలా మారుతోందో తనకే తెలియకుండా కూర్చోవడం సెవెరీన్ వంతయింది.

అప్పటి నుంచి ఏటా నవంబరులో సకల పునీతుల పండుగకి గిలెమ్ చేమంతులు పట్టుకుని తండ్రి సమాధికి వచ్చేవాడు. అటు నుంచి అటే ఒనోరే ఇంటికి భోజనానికి వచ్చి, తెరుద్దామా బాబాయ్ అనేవాడు. ఒనోరే కటకటాల వెనక నుంచి ఒక సీసా తెప్పించి, కిటికీ వెలుతురుకి పట్టి, అటూ ఇటూ వంచి, బిరడా పైనే ముక్కు పెట్టి వాసన చూసేవాడు. మూసి ఉన్న సీసాకి వాసనేమిటని అడిగే ధైర్యం ఎవరికీ లేదు. తర్వాత పెదవి ముందుకొచ్చేది. ఒక ఏడు తూర్పు గాలి అన్నాడు. ఒక ఏడు చంద్రుడు క్షీణిస్తున్నాడన్నాడు. ఒక ఏడు వైన్ అలిగి కూర్చుంది, కదిలించకూడదన్నాడు. గిలెమ్ జుట్టు పల్చబడింది. పిల్లలు కాలేజీకొచ్చారు. అయినా నేనే తెరుస్తానని ముందుకు దూకలేదు. ఎంత బోర్డోలో ఉన్నా మోంతిరాక్ బిడ్డ. పసిబిడ్డ గొంతు పిసికినవాడనిపించుకోవడం అతనికీ ఇష్టం లేదు.

ఒనోరేకి ఇంకో అలవాటు కూడా ఉండేది. పండుగకి కొద్దిరోజుల ముందు, ఎలుకలు చేరాయేమో చూసొస్తానని తన ఇంటి నేలమాళిగలోకి దిగేవాడు. చాలాసేపటికి పైకొచ్చేవాడు. ఒకసారి అలా పైకొచ్చి, నేరుగా ద్రాక్షకోతలు ముగిసిన సంబరానికి సెవెరీన్ వాళ్ళింటికి భోజనానికి వచ్చాడు.

"ఎలుకలెలా ఉన్నాయయ్యా?" అంది జెర్మేన్, రొట్టె కోస్తూ.

"దారుణంగా ఉన్నాయి" అన్నాడు ఒనోరే. ముఖం జేగురు రంగులో ఉంది, దవడలు పట్టేసినవాడిలా నెమ్మదిగా మాట్లాడుతున్నాడు. ఆ పూట సూపు కూడా ముట్టలేదు.

ఏళ్ళు గడుస్తున్నకొద్దీ ఎలుకల కబుర్లు మారుతూ వచ్చాయి. ఒక ఏడు మొండిగా ఉన్నాయన్నాడు. తర్వాత కాస్త దారికొస్తున్నాయన్నాడు. ఇంకో ఏడు, ఏమో, చూద్దాం అని నవ్వాడు. సెవెరీన్‌కి ఆ మాటలు పట్టించుకునే తీరిక లేదు. ఒంటి చేత్తో తోట చేసుకోవాలి. కొమ్మలు కత్తిరించడం, మందు కొట్టడం, కోత, కలపడం అన్నీ ఆమే. ఒనోరే "ఇంకా కాలేదు" అంటే ఏం చెయ్యాలో రెండో ఏటికే అర్థమైపోయింది. ఆమె తర్వాతి వైన్లకి హాల్లో రొట్టె కోసం ఎవరూ చెయ్యి చాపలేదు. గ్లాసు చాపారు. ఆమెని అడిగి తమ తొట్టి ఖాళీ చేసేవాళ్ళు కూడా ఇద్దరు ముగ్గురు తయారయ్యారు. ఎంతమంది మెచ్చుకున్నా, కటకటాల పక్క నుంచి నడిచినప్పుడల్లా ఆమె చూపు ఆ తాళం మీదికే పోయేది. తోట ఉంటుందా ఊడుతుందా అన్నది ఆ చీకట్లో పడుకున్న సీసాల చేతిలోనే ఉంది.

ఒక ఏడు గిలెమ్ ఒంటరిగా రాలేదు. వెంట తోట కొనే పెద్దమనిషిని కూడా తెచ్చాడు. పిల్లల చదువులున్నాయి, ఇక ఆగలేను, ఇవాళ ఏదో ఒకటి తేలాల్సిందేనని ఫోనులోనే చెప్పాడు. సెవెరీన్ పొద్దున్నే ఒనోరే ఇంటికి పరిగెత్తింది. ఆయన వాకిట్లో బూట్లు తుడుచుకుంటున్నాడు.

"బాబాయ్, నిజం చెప్పు. అది పాడైపోయిందా? నన్ను బాధపెట్టకూడదని ఆపుతున్నావా?"

"ఇంకా కాలేదన్నానా, బాగాలేదన్నానా?"

"ఇన్నేళ్ళుగా అదే అంటున్నావు."

"పండక్కి నీ వంట ఏమిటి?" అన్నాడు ఒనోరే. ద్రాక్ష కొమ్మల నిప్పుల మీద మాంసం కాలుస్తున్నానంది ఆమె నీరసంగా. మంచిది, అది నా ఇంటికి పట్రా అని లోపలికెళ్ళిపోయాడు. ఎలుకల్ని చూసి రావాలట.

మధ్యాహ్నం అందరూ బల్ల చుట్టూ కూర్చున్నారు. ఒనోరే గడ్డం గీసుకుని, పెళ్ళినాటి కోటు తొడుక్కుని వచ్చాడు. సూపు అయింది. అడుగున మిగిలిన దాంట్లో వాళ్ళ అలవాటు ప్రకారం కాస్త మామూలు వైన్ పోసుకుని, గిన్నె ఎత్తి తాగేశారు. గిలెమ్ గొంతు సవరించుకున్నాడు. ఏటా అడిగే ప్రశ్న నాలుక చివరిదాకా వచ్చింది. ఈలోగా ఒనోరే కోటు జేబులోంచి తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు.

"అమ్మాయ్, వెళ్ళి రెండు సీసాలు పట్రా. వేళయింది."

జెర్మేన్ చేతిలో గరిటె కింద పడింది. ఆ నోటి నుంచి ఆ మాట ఆమె పెళ్ళి రోజున కూడా వినలేదు.

సెవెరీన్ సీసాలు తెచ్చి బల్ల మీద పెట్టింది. బిరడాలు ఒనోరేనే తీశాడు. కొవ్వొత్తి వెలుగులో అడుగు మడ్డి కదలకుండా గాజు కూజాలోకి నెమ్మదిగా వంచి, గ్లాసుల్లో పోశాడు. రంగు అంచుల్లో ఇటుక ఎరుపుకి తిరిగింది. ముక్కు దగ్గర పెడితే ముందు నల్లటి పండ్ల వాసన, ఆ వెనక తడిసిన ఆకులు, పొగాకు, పెన్సిలు చెక్కిన చెక్క. సెవెరీన్ కళ్ళు మూసుకుని ఒక గుక్క తాగింది. వగరు కోసం చూసింది. ఉంది, కానీ ఎక్కడా గుచ్చుకోలేదు. మిగతావాటన్నిటికీ వెనక నిలబడి దన్నుగా పట్టుకుని ఉంది. గుక్క మింగేశాక కూడా చాలాసేపు రుచి పోలేదు. పెద్దాయన బయటికొచ్చి కూర్చున్నాడు. ఆమెకి కళ్ళ నీళ్ళొచ్చాయి, తుడుచుకోవాలని కూడా అనిపించలేదు.

అందరూ గిలెమ్ వంక చూస్తున్నారు. అతను ఒక గుక్క తాగాడు, గ్లాసు దించాడు, మళ్ళీ ఎత్తి మొత్తం తాగేశాడు.

"ఒక్క పేషెంటు కూడా రాడు" అన్నాడు.

అంతే, అమ్మకం మాట అక్కడితో సరి. తోట కొనడానికి వచ్చిన పెద్దమనిషి కూడా తోట సంగతి వదిలేసి, ఈ వైన్ ఓ పెట్టెడు ఇప్పిస్తారా అని అడిగాడు. ఒనోరే అతని వైపు తిరిగి, ఎప్పుడు తాగుతారని అడగబోతుంటే జెర్మేన్ మోచేత్తో పొడిచింది.

రెండు సీసాలూ మాంసంతో పాటే ఖాళీ అయ్యాయి. గిలెమ్ ఉత్సాహంగా, బాబాయ్ దగ్గర ఒక పెట్టె ఉందిగా, అందులోంచి ఇంకొకటి తీద్దామన్నాడు. ఒనోరే కుర్చీలోంచి ఎగిరిపడ్డాడు. అది వేరే సంగతి, మా నేలమాళిగలో చలి ఎక్కువ, వాటికింకా వేళ కాలేదు అని ఏదేదో అన్నాడు. జెర్మేన్ కిందికి దిగి పెట్టె పట్టుకొచ్చి బల్ల మీద పెట్టింది. ఆ వయసులో పన్నెండు నిండు సీసాల పెట్టెని ఆమె ఒక్క చేత్తో మోసుకొచ్చిందేమిటని సెవెరీన్‌కి అప్పుడే అనుమానం వచ్చింది. జెర్మేన్ సీసాలు ఒక్కొక్కటే పైకి తీసింది. అన్నిటికీ బిరడాలున్నాయి. అన్నీ ఖాళీ. చిట్టచివరిది ఒక్కటే నిండుగా ఉంది.

"ఎలుకలు తాగేశాయి" అంది జెర్మేన్. "ఏడాదికొక సీసా చొప్పున."

కాసేపు ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక గిలెమ్ నవ్వడం మొదలుపెట్టి ఆపలేకపోయాడు. వేళ కాకుండా సీసా తెరిచినవాణ్ణి గుమ్మం తొక్కనివ్వని ఒనోరే లబాదీ, ఏటా ఒకదాన్ని పసిగుడ్డుగా ఉండగానే తెరిచి, చీకట్లో ఒంటరిగా కూర్చుని తాగాడు. పైగా దొరక్కుండా బిరడా మళ్ళీ బిగించి పెట్టాడు. ఈ సంగతి ఊళ్ళో తెలిస్తే ఇంకేమైనా ఉందా?

ఒనోరే ముఖం ఇటుక రంగుకి తిరిగింది. సెవెరీన్ లేచి ఆయన పక్కన కూర్చుంది.

"ఎందుకు బాబాయ్?"

ఆయన ఖాళీ సీసా ఒకటి చేతిలోకి తీసుకుని తిప్పుతూ కూర్చున్నాడు.

"తొట్టి దగ్గర నువ్వు నన్నడిగావు. నేను అలవాటుకొద్దీ అనేశాను. నా సంగతి మీ నాన్నకి తెలుసు, నీకు తెలియదని నాకు తోచలేదు. ఆ వగరు నా నోటిది, నీ చేతిది కాదు. మొదటి ఏడు తెరిచి చూస్తే నాకే ఏడుపొచ్చింది. అది మీ అన్న నోట్లో పడితే తోట పోయేది. అందుకని పడనివ్వలేదు."

"అంటే బాగవుతుందని మీకు ముందే తెలుసన్నమాట" అన్నాడు గిలెమ్.

"ఏం తెలీదు. చాలా ఏళ్ళు ఇది చచ్చినా బాగవదనే అనుకున్నా. పిల్ల బాగవుతుందని మాత్రం తెలుసు. ఈలోగా పని నేర్చుకుంటే ఈ వైన్ ఎలా ఉంటే ఎవడిక్కావాలి అనుకున్నా. ఇది కూడా బాగుపడిందంటే దాని మంచితనం."

"ఇన్నేళ్ళూ నన్ను మోసం చేశారు బాబాయ్."

"మోసమేముంది? వేళ కాలేదన్నాను. కాలేదుగా."

సెవెరీన్ ఆయన చేతిలోంచి ఖాళీ సీసా తీసి పక్కన పెట్టి, ఆ ముడతల చేతిని తన రెండు చేతుల్లో పట్టుకుంది. మొదటి ఏటి ఆ వగరుని పూర్తిగా ఒక సీసాడు, సూపు కూడా ముట్టకుండా, ఈయన ఒక్కడూ ఎలా తాగి ఉంటాడా అనుకుంటే ఆమెకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. మిగిలిన ఆ ఒక్క సీసానీ తెరుద్దామంది. ఒనోరే దాన్ని కోటు లోపల దాచేసుకున్నాడు.

మరుసటి వసంతంలో సెవెరీన్ తన కొత్త కలయికని ఆయన ముందు పెట్టింది. ఈసారి కాబెర్నే వంతు కావాలనే ఎక్కువ వేసింది. ఆయన నోట్లో పోసుకుని పుక్కిలించి, కళ్ళు సగం మూసి, పెదవి చాపి, ఇరవై ఏళ్ళన్నాడు. సరే, ఒక పెట్టె మా ఇంటికి పంపు, ఎలుకలు మళ్ళీ బయల్దేరాయి అని కూడా అన్నాడు.

జెర్మేన్ అల్లుతున్న స్వెట్టరు ఒళ్ళో పెట్టుకుని ఆయన్ని ఎగాదిగా చూసింది.

"నీకిప్పుడు ఎనభై రెండు. ఇరవై ఏళ్ళకి ఎంతవుతుందో లెక్కేసుకున్నావా?"

ఒనోరే గ్లాసులో మిగిలిన చుక్క కూడా తాగి, మోకాలు పట్టుకుని మూలుగుతూ లేచాడు.

"అయితే ఏం?" అన్నాడు. "నాకు మాత్రం ఇంకా వేళ కాలేదు."